మంచుకొండల్లో మాట సాయం

మంచు అంటే మన తెలుగువాళ్లకు చాలాకాలం సినిమా పాటలో కనిపించే వస్తువే. నాయకుడు చలికోటులోను, నాయిక పలుచని చీరెలోను మంచుమీద దొర్లుతూ వుంటే, "పాపం, ఆ పిల్లకు చలి వేయదు కాబోలు!" అనుకుంటూ వేరుశనక్కాయలు వొలుచుకు తిన్నవాళ్లమే మనమంతా. ఇప్పుడు కాలం మారింది. అమెరికాలో మేము కాపురముంటున్న సియాటిల్ చుట్టుపట్ల చలికాలంలో ఏ శనివారం తెల్లవారుజామునైనా చూడండి. ఫ్లాస్కుల్లో టీ, డబ్బాల్లో పులిహోర సర్దుకుని, కారు వెనకాల మంచుచెప్పులు పడేసుకుని కాస్కేడ్ కొండలవైపు బయల్దేరేవారిలో మనవాళ్లు తక్కువేమీ కాదు. మంచుచెప్పులంటే బూట్ల కింద కట్టుకునే వెడల్పాటి చట్రాలు. అవి వుంటే మనిషి మంచులో నడుములోతున కూరుకుపోకుండా నడవగలడు.

ఐతే ఆ మంచు సామాన్యమైనది కాదు. మా ఊరికి రెండున్నర గంటల దూరంలో వున్న రెయినియర్ పర్వతం మీద పారడైజ్ అనే చోట 1971-72 చలికాలంలో 1,122 అంగుళాల మంచు పడింది. అంటే 93 అడుగులు దాటిందన్నమాట! ఇంకా ఉత్తరాన వున్న బేకర్ పర్వతం దగ్గర 1998-99లో 1,140 అంగుళాలు పడి ఆ లెక్కను కూడా మించిపోయింది. ఇంత మంచు పడేచోట దారి అన్నది ఏ పూటకాపూట మాయమైపోతూ వుంటుంది. నిన్న నడిచినవారి అడుగుజాడలు ఇవాళ కనిపించవు. పెద్ద రహదారి విడిచి రెండు మైళ్లు లోపలికి పోతే చాలాచోట్ల సెల్‌ఫోను కూడా మూగబోతుంది.

అలాంటి చోట కాలు బెణికితే ఎవరిని పిలవాలి? ఎలా పిలవాలి? ఐదారు చలికాలాలుగా ఈ కొండలు తిరుగుతూ, పదిమంది అనుభవాలూ విని, తగిన పరికరం కోసం వెదికి వెదికి తెలుసుకున్న సంగతులు పాఠకుల ముందు పెడుతున్నాను. అమెరికాలోను, కెనడాలోను వున్న మన పిల్లలకు ఇవి పనికివస్తాయి. ఇక్కడ ఇంటిపట్టున వుండి వాళ్లకోసం బెంగపెట్టుకునే తల్లిదండ్రులకు అంతకంటె ఎక్కువగా పనికివస్తాయి.

దారి తప్పిన కారు

మంచులో మాట అందకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. జేమ్స్ కిమ్ అని ఒక పత్రికా సంపాదకుడు. కొత్త కొత్త ఎలక్ట్రానిక్ వస్తువుల మంచిచెడ్డలు సమీక్షించే సీనెట్ అనే సంస్థలో పనిచేసేవాడు. యంత్రాల సంగతి తెలియనివాడు కాదని చెప్పడానికే ఈ మాట రాస్తున్నాను. 2006 నవంబరు 25 రాత్రి భార్యతో, ఇద్దరు పసిపిల్లలతో ఆరెగాన్ రాష్ట్రంలో కారులో ప్రయాణం చేస్తూ, తిరగవలసిన మలుపు దాటిపోయి, కొండల్లో వేరే దారి పట్టాడు. అది చలికాలంలో మనుషులు తిరగని అడవి రోడ్డు. అక్కడ మంచులో చిక్కుపడ్డారు.

కారు ఇంజను నడుపుకుంటూ వెచ్చగా వున్నారు. పెట్రోలు అయిపోయాక టైర్లు కాల్చారు. వారం రోజులు ఎదురుచూసి, డిసెంబరు 2న "సాయం తీసుకువస్తాను" అని జేమ్స్ కాలినడకన బయల్దేరాడు. డిసెంబరు 4న భార్యా పిల్లలూ హెలికాప్టరు కంటబడి ప్రాణాలతో బయటపడ్డారు. 6వ తేదీన ఒక వాగు దగ్గర ఆయన శవం దొరికింది.

వెదికేవారికి ఆ ప్రాంతం తెలిసింది ఎలాగంటారా? మాట్లాడడానికి పనికిరాని ఆ సెల్‌ఫోను ఒక్క క్షణం ఎక్కడో దూరపు టవరును తాకింది. సెల్ కంపెనీ ఇంజనీర్లు లెక్కల పుస్తకాలు తిరగేసి ఆ ఆనవాలు పట్టుకున్నారు. ఆ కుటుంబం తాము ఫలానా చోట వున్నామని ఒక్క మాట బయటికి పంపగలిగి వుంటే, "కదలవద్దు, వస్తున్నాం" అని ఒక్క మాట వాళ్లకు తిరిగి అందివుంటే, కథ మరోలా వుండేది. ఇవి రెండు వేర్వేరు మాటలని పాఠకులు గుర్తుంచుకోవాలి. నేను చెప్పబోయేదంతా ఈ రెండో మాట గురించే.

ఆకాశానికి నాలుగు దారులు

టవరు అందనిచోట మిగిలేది ఆకాశమే. ఆకాశంలోని ఉపగ్రహాలకు మన మొర చేరవేసే సాధనాలు ఇప్పుడు నాలుగు రకాలు.

మొదటిది బీకన్. పూర్తిపేరు పర్సనల్ లొకేటర్ బీకన్. ఈ ఏర్పాటు వెనక ఒక ముచ్చటైన చరిత్ర వుంది. అమెరికా, రష్యాలు ఒకరి మొహం ఒకరు చూసుకోని రోజుల్లో, 1979లో, అమెరికా, కెనడా, ఫ్రాన్సు, సోవియట్ యూనియన్ కలిసి కోస్పాస్-సర్‌శాట్ అనే రక్షణ వ్యవస్థకు ఒప్పందం చేసుకున్నాయి. 1982 సెప్టెంబరులో కెనడాలో ఒక చిన్న విమానం కూలినప్పుడు, దాని గోడును సోవియట్ ఉపగ్రహమే విని అందించింది. ముగ్గురు బతికారు. ఆపద ముందు రాజకీయాలు ఏపాటివి! ఈ బీకన్ 406 మెగాహెర్ట్జ్ మీద 5 వాట్ల బలంతో కేక వేస్తుంది. నెలచందా లేదు. అమెరికాలో నోవా అనే ప్రభుత్వ సంస్థ దగ్గర పేరు నమోదు చేసుకుంటే చాలు. బ్యాటరీ ఏళ్ల తరబడి నిలవ వుంటుంది. మీట నొక్కితే సున్నాకు 20 డిగ్రీలు దిగువ చలిలో సైతం 24 గంటలు పనిచేయాలన్నది నియమం. ఐతే దీనికి నోరున్నది గాని చెవి లేదు. కొన్ని కొత్త బీకన్లలో "మీ కేక అందింది" అని ఒక దీపం వెలుగుతుంది. అంతకుమించి వాటికి సంభాషణ చేతకాదు.

రెండోది స్పాట్ వంటి ఏకముఖ సందేశ పరికరం. ముందుగా రాసిపెట్టుకున్న "క్షేమం" అన్న మాటో, ప్రమాద సూచనో పంపుతుంది. జవాబు తీసుకోదు. ఇది గ్లోబల్‌స్టార్ ఉపగ్రహాల మీద ఆధారపడుతుంది. ఈ ఉపగ్రహాలు అద్దంలాంటివి. మన సందేశం అందుకుని అప్పటికప్పుడు భూమి మీదికే దించాలి. దించడానికి దరిదాపుల్లో భూకేంద్రం వుండాలి. అమెరికాలో దీనితో ఇబ్బంది లేదుగాని, ఉత్తర ధ్రువం వైపు పోతే చిక్కు.

మూడోది అసలైన శాటిలైట్ కమ్యూనికేటర్. ఇది ద్విముఖం. సందేశం పంపుతుంది, అందుకుంటుంది. గార్మిన్ వారి ఇన్‌రీచ్, జోలియో మొదలైనవి ఈ రకం. వీటికి ఆధారం ఇరిడియం ఉపగ్రహాలు. సుమారు 780 కిలోమీటర్ల ఎత్తున 66 ఉపగ్రహాలు, ఆరు వరసలుగా, వరసకు పదకొండు చొప్పున, బండి ఇరుసుచుట్టూ తిరిగినట్లు తిరుగుతూ వుంటాయి. ఒక్కొక్కటి భూమిని చుట్టిరావడానికి నూరు నిమిషాలు పడుతుంది. వీటి విశేషమేమిటంటే, ఇవి పక్కనున్న ఉపగ్రహాలతో తమలో తాము మాట్లాడుకుంటాయి. పొలాల్లో కావలివాళ్లు మంచెమీంచి మంచెకు కేకలు అందించుకున్నట్లు, మన మాటను చేతులు మార్చి భూకేంద్రానికి చేరుస్తాయి. అందుచేత ధ్రువం నుంచి ధ్రువం దాకా ఇవి అందని చోటు లేదు. 1998లో సేవ ప్రారంభించిన ఈ కంపెనీ మరుసటి ఏడే దివాలా తీసింది. తరువాత వేరే చేతుల్లో బతికి బట్టకట్టి, 2017-2019 మధ్య పాత ఉపగ్రహాల స్థానంలో కొత్తవి నిలబెట్టుకుంది.

నాలుగోది జేబులోని ఫోనే. 2022 నవంబరు నుంచి ఐఫోన్ 14, ఆ తరువాతి ఫోన్లు అమెరికా, కెనడాలలో ఉపగ్రహం ద్వారా ప్రమాద సందేశం పంపడం మొదలుపెట్టాయి. 2024లో మామూలు సందేశాలకు కూడా దారి తెరిచారు. 2025 జులైలో టీ-మొబైల్ కంపెనీ స్టార్‌లింక్ ఉపగ్రహాలతో జతకట్టి, చాలా రకాల ఫోన్లకు ఈ సదుపాయం తెచ్చింది.

ఇంట్లో చర్చ

ఈ నాలుగో దారి వల్లనే మా ఇంట్లో పెద్ద చర్చ బయల్దేరింది. మా బావమరిది కొత్త ఐఫోన్ కొన్నాడు.

"వందల డాలర్లు పోసి ఇంకో డబ్బీ ఎందుకు బావగారూ? జేబులో ఫోనుంది. ఆకాశంతో మాట్లాడుతుంది. ఇంకేం కావాలి?" అన్నాడు.

అతని మాట కొట్టిపారెయ్యవలసింది కాదు. ఎండాకాలంలో, ఒక్క పూట నడకకు, అది నూటికి తొంభైపాళ్లు నిజం. ఏ సాధనమూ లేకుండా వెళ్లేకంటె ఫోను వెయ్యిరెట్లు మేలు. కాని చలికాలం వేరు. నేను అతణ్ణి ఒక జనవరి ఉదయం స్నోక్వాల్మీ కనుమకు తీసుకువెళ్లాను. అక్కడ దట్టమైన ఫర్ చెట్ల కింద నిలబెట్టి, "ఇప్పుడు చేతితొడుగులు తియ్యకుండా నాకొక సందేశం రాసి పంపు" అన్నాను. మందపాటి తొడుగులతో అద్దం మీద ఒక్క అక్షరం పడలేదు. తొడుగు తీశాడు. తడిసిన అద్దం వేలిమాట వినలేదు. తుడిచి మళ్లీ మొదలుపెట్టేసరికి రెండు నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోయాయి. ఉపగ్రహం ఎటువుంటే అటు ఫోను తిప్పమని తెరమీద బొమ్మ చూపిస్తోంది. ఇతగాడు చలికి వణుకుతూ చక్రంలా తిరుగుతున్నాడు. ఇంటినుంచి నిండుగా తెచ్చుకున్న బ్యాటరీ, దారిపొడుగునా ఫొటోలు తియ్యడంతో, ఆ చలిలో సగానికి పైగా దిగిపోయింది.

"ఇప్పుడు నీకు కాలు విరిగి వుందనుకో" అన్నాను.

"అర్థమైంది బావగారూ, ముందు కారెక్కుదాం" అన్నాడు.

చలి పెట్టే పరీక్ష

కాబట్టి చలికాలానికి పరికరం ఎంచుకునేటప్పుడు కరపత్రంలోని గొప్పలు కాదు, ఈ నాలుగు సంగతులు చూడాలని నా అభిప్రాయం.

మొదటిది, తొడుగులతోనే నొక్కగలగాలి. నిజమైన మీటలు వుండాలి. ఎస్.ఓ.ఎస్. మీట మీద మూత వుండాలి. లేకపోతే సంచిలో దానంతట అదే నొక్కుకుపోయి కొంప ముంచుతుంది. ఆ మూత మొద్దుబారిన వేళ్లకు కూడా వచ్చేలా వుండాలి. దుకాణంలోనే మందపాటి తొడుగులు వేసుకుని తీసి చూడండి. దుకాణదారు నవ్వితే నవ్వనివ్వండి.

రెండోది, ఫోను లేకపోయినా పనిచేయాలి. కొన్ని పరికరాలు సందేశం రాయడానికి ఫోనును జత కోరతాయి. ఫోను చచ్చిపోతే వాటిలో మిగిలేవి ప్రమాద సూచన, క్షేమ సూచన మీటలే. ఇన్‌రీచ్ మినీ వంటి వాటికి చిన్న తెర వుంది. అక్షరం తరువాత అక్షరం వెదుక్కుంటూ, ఓపికగా సొంతంగానే రాసుకోవచ్చు. వచ్చిన జవాబు చదువుకోవచ్చు. అది విసుగుపనే, కాదనను. కాని ఆపదలో ఆ విసుగే వరం.

మూడోది బ్యాటరీ. ఇప్పటి బ్యాటరీలన్నీ లిథియం రసాయనంతో నడిచేవి. చలి ఎక్కువైతే లోపలి రసాయనక్రియ మందగించి, నిండుగా వున్న బ్యాటరీ కూడా ఖాళీ అయినట్లు నటిస్తుంది. వెచ్చబెడితే మళ్లీ కొంత లేస్తుంది. అందుచేత ఫోనును లోపలిచొక్కా జేబులో, ఒంటి వెచ్చదనంలో వుంచుకోవాలి. గడ్డకట్టే చలిలో బ్యాటరీకి చార్జి ఎక్కించకూడదు, అది లోలోపల పాడవుతుంది. పవర్‌బ్యాంకును కూడా రాత్రి పడుకునే సంచిలో పక్కన పెట్టుకోవలసిందే. కమ్యూనికేటర్‌కు ఒక సుగుణం వుంది. దానికి బొమ్మలు చూపే పెద్ద తెర లేదు. పది నిమిషాలకోసారి మన జాడ పంపుతూ వున్నా, ఇన్‌రీచ్ మినీ 2 ఆరుబయట పధ్నాలుగు రోజుల దాకా వస్తుందని తయారీదారులు చెబుతారు. చలిలో అంత రాకపోయినా, మూడునాళ్ల ప్రయాణానికి దిగులుండదు. దీని బరువు నూరు గ్రాములు.

నాలుగోది ఆకాశం. లోతైన లోయ, గోడలాంటి కొండ, తడిమంచు మోస్తున్న దట్టమైన కొమ్మలు సంకేతానికి అడ్డం. ఇరిడియం ఉపగ్రహం ఈ అంచునుంచి ఆ అంచుకు పది నిమిషాల్లోపే దాటిపోతుంది. ఒకటి పోయినా మరొకటి వస్తుంది కనుక, లోయలో వున్నవాడు మీట నొక్కి ఓపిక పట్టాలి. ఒక్కొక్కప్పుడు పావుగంట కూడా పడుతుంది. పరికరాన్ని సంచి అడుగున కాకుండా భుజపు పట్టీకి, ఆకాశం కనిపించేలా తగిలించుకోవాలి.

ఇదంతా విన్న ఒక వృద్ధ పర్వతారోహకుడు, "నాకు బీకన్ చాలు. చందా లేదు, చార్జింగ్ లేదు, పాతికేళ్లుగా నమ్ముకున్నాను" అన్నాడు. ఆయన చెప్పినదీ సత్యమే. ఒంటరిగా తిరిగేవాడికి, చివరి ఆధారంగా, దాన్ని మించింది లేదు. కాని నేను ఎంచుకున్నది ద్విముఖమైనది. ఎందుకో చెప్పడానికి, అది కొన్న మరుసటి చలికాలంలో జరిగిన సంగతి చెప్పాలి.

మూడు గంటల జవాబు

జనవరి నెల. నలుగురం బయల్దేరాం. కనుమకు నాలుగు మైళ్లు లోపల, మధ్యాహ్నం రెండు గంటలవేళ, మాతో వచ్చిన గుంటూరు వైపు మిత్రుడొకాయన కాలు మంచుపొర కింద దిగబడి మెలిపడింది. మోకాలు చూస్తుండగానే గుమ్మడికాయంత అయింది. అడుగు మోపితే అరుపు. ఆ నెలలో అక్కడ నాలుగున్నరకల్లా పొద్దు వాలుతుంది. మబ్బు దిగి, మంచు మొదలైంది.

ముగ్గురం కలిసి ఆయన్ని మోసుకుపోదామా, ఇద్దరం వుండి ఒకరం సాయానికి పరుగెత్తుదామా అని తర్జనభర్జన పడ్డాం. ముందు మీట నొక్కాం. తొమ్మిది నిమిషాలు గడిచాయి. ఆ తొమ్మిది నిమిషాలు ఎలా గడిచాయో మాకే తెలుసు. అప్పుడు డబ్బీ కుయ్యిమన్నది.

ఎంతమంది వున్నారు? దెబ్బ ఏమిటి? మనిషికి తెలివి వున్నదా? వెచ్చని బట్టలు, తిండి వున్నాయా? ఇవీ ప్రశ్నలు. ఒక్కొక్క సందేశం 160 అక్షరాలకు మించకూడదు. పొడిపొడిగా జవాబులు రాశాం. కాసేపటికి రెండో సందేశం వచ్చింది. మబ్బు వల్ల హెలికాప్టరు ఎగరలేదు. కాలినడకన జట్టు బయల్దేరుతోంది. చేరడానికి నాలుగు గంటలు పట్టవచ్చు. మీరు కదలవద్దు, విడిపోవద్దు.

ఆ ఒక్క జవాబు మా చర్చను తెంచేసింది. ఎవరూ చీకట్లో ఒంటరిగా బయల్దేరలేదు. ఎవరూ ఆయన్ని ఈడ్చలేదు. పారలతో గాలికి అడ్డంగా మంచుగోడ కట్టాం. కింద చాపలు పరిచి, ఆయన్ని పడుకునే సంచిలో దూర్చి, మంచు కరిగించి వేడినీళ్లు తాగించాం. నడుమ నడుమ "జట్టు రోడ్డు దాటింది", "జట్టు సగం దూరం వచ్చింది" అని సందేశాలు అందుతూ వుంటే, ఆ మిత్రుడు నొప్పిలో కూడా "పెళ్లివారు తరలివస్తున్నట్లుందే!" అని జోకు వేశాడు. మా ఆవిడకు కూడా "అందరం క్షేమం, ఆలస్యమవుతుంది" అని ఒక ముక్క వెళ్లింది. నాలుగు గంటలన్నవాళ్లు సరిగ్గా ఐదో గంటకు, నుదుటి దీపాలు వెలిగించుకుని, మంచుబండి లాగుకుంటూ వచ్చారు.

బీకన్ వున్నా వాళ్లు వచ్చేవారే. అందులో సందేహం లేదు. కాని ఆ ఐదు గంటలూ మాకు ఏమీ తెలిసేది కాదు. చలిలో మనిషిని చంపేది చలి ఒక్కటే కాదు, తెలియకపోవడం కూడా. తెలియనివాడు ఓపిక పట్టలేక లేచి నడుస్తాడు. ఒంటికి చలి ఎక్కినకొద్దీ బుద్ధి మందగించి, తప్పు నిర్ణయాలు చేస్తాడు. కమ్యూనికేటర్ అమ్మేది జవాబు. డబ్బు పోసి కొనవలసింది దాన్నే.

మీట నొక్కితే ఏమవుతుంది?

చాలామంది మీట నొక్కగానే హెలికాప్టరు వాలుతుందనుకుంటారు. మన సందేశం ముందు ఆ కంపెనీ నడిపే సమన్వయ కేంద్రానికి చేరుతుంది. వాళ్లు స్థలం చూసి, అక్కడి అధికారులకు కబురు చేస్తారు. వాషింగ్టన్ రాష్ట్రంలో ఆ బాధ్యత కౌంటీ షరీఫ్‌ది, అంటే మన జిల్లా పోలీసు అధికారివంటి వారిది. నేషనల్ పార్కులోనైతే రేంజర్లది. వెదకడానికి వచ్చేవారిలో ఎక్కువమంది జీతం బత్తెం లేని స్వచ్ఛందసేవకులు. తమ ఇంట్లో అన్నం ముందునుంచి లేచి, మన కోసం చీకట్లో మంచులో నడిచి వస్తారు. వాళ్లు వచ్చేదాకా బతికుండే బాధ్యత మాత్రం మనది. కాబట్టి సంచిలో కమ్యూనికేటర్ పెట్టుకుని చాప, పార, అదనపు బట్టలు, పొయ్యి ఇంట్లో వదిలేసేవాడు సగం పనే చేసినట్లు.

ఇంకొక ముఖ్యమైన సంగతి. మంచుచరియ విరిగిపడి మనిషి పూడుకుపోతే ఈ పరికరం పనికిరాదు. మొదటి పది పదిహేను నిమిషాల్లో బయటికి తీసినవారు ఎక్కువమంది బతుకుతారు. అరగంట దాటితే ఆశ సన్నగిల్లిపోతుంది. అంత తొందరగా ఏ ఉపగ్రహమూ మనుషులను తేలేదు. పక్కనున్న స్నేహితుడే తవ్వి తియ్యాలి. అందుకు వాడేది 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేసే వేరే యంత్రం, అవలాంచ్ ట్రాన్సీవర్. దానితోపాటు పొడుగాటి గుచ్చుడుకర్ర, పార ప్రతి మనిషి దగ్గరా వుండాలి. ఫోను, కమ్యూనికేటర్ వంటివి ఆ ట్రాన్సీవర్‌కు కనీసం 20 సెంటీమీటర్ల ఎడంగాను, వెదికేటప్పుడు 50 సెంటీమీటర్ల ఎడంగాను వుంచాలి. లేకపోతే దాని చెవికి గోల పెడతాయి. వీటన్నిటికంటె ముందు, బయల్దేరే ఉదయం నార్త్‌వెస్ట్ అవలాంచ్ సెంటర్ వారి మంచుచరియల సూచన చదవాలి. వెళ్లవద్దని వుంటే ఇంట్లో పెసరట్లు పోసుకు తినడం ఉత్తమం.

ఇంటి దగ్గర ఒకరు

డబ్బీ ఎంత మంచిదైనా అవతల అందుకునేవారు కూడా సిద్ధంగా వుండాలి. మేము వెళ్లే ప్రతిసారీ ఒక కాగితం రాసి ఇంట్లో పెడతాం. ఎక్కడికి, ఏ దారిన, ఎవరెవరు, కారు నంబరెంత, ఎన్ని గంటలకు తిరిగిరావాలి, ఏ వేళ దాటితే ఎవరికి ఫోను చెయ్యాలి అన్నవి అందులో వుంటాయి. ముందే రాసిపెట్టుకునే క్షేమసందేశాల భాష కూడా ఇద్దరూ కలిసి ఖాయం చేసుకోవాలి. "ఓకే" అంటే ఇంటికి వస్తున్నారనా, గుడారం వేసుకున్నారనా? ఈ చిన్న అయోమయం వల్ల రాత్రంతా జాగారం చేసిన ఇల్లాళ్లు వున్నారు.

సందేశం రాకపోయినంత మాత్రాన ప్రమాదం జరిగినట్లు కాదని కూడా ముందే చెప్పాలి. పరికరం మంచులో పడిపోవచ్చు, లోయలో ఆలస్యం కావచ్చు. మా అత్తగారికి కాకినాడ ఫోను చేసి ఇదే నచ్చజెప్పాను.

"ఆకాశంలోంచి కబురు రాకపోతే నేను కంగారుపడకూడదా బాబూ?" అన్నారావిడ.

"రాత్రి తొమ్మిదింటిదాకా పడకండి అత్తయ్యగారూ. ఆ తరువాత మీ అమ్మాయి షరీఫ్‌కు ఫోను చేస్తుంది" అన్నాను.

"ఐతే తొమ్మిదిన్నరకు పడతాను" అన్నారు. దీనికంటె మంచి ఏర్పాటు నేనెరగను.

మనదేశానికి తేవద్దు

ఆ మాటల్లోనే ఆవిడ, "ఈసారి వచ్చేటప్పుడు అలాంటి డబ్బీ ఒకటి పట్టుకురండి. మా మేనల్లుడు సంక్రాంతి వెళ్లాక ఉత్తరాఖండ్‌లో కేదార్‌కంఠ ఎక్కుతాడట" అన్నారు. ఇక్కడ పాఠకులు జాగ్రత్తగా వినాలి. తేకూడదు!

భారతదేశంలో టెలికాం శాఖ అనుమతి లేకుండా ఉపగ్రహ ఫోన్లు, ఇలాంటి ఉపగ్రహ సందేశ పరికరాలు దగ్గర వుంచుకోవడమూ, వాడడమూ నేరం. 2008 ముంబయి దాడుల్లో దుండగులు ఉపగ్రహ ఫోను వాడారు. అధికారులకు ఈ విషయంలో పట్టింపు వుండడంలో ఆశ్చర్యం లేదు. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయాల్లో, సంచిలో ఇలాంటి పరికరం వున్నందుకు విదేశీ యాత్రికులు పోలీసు కేసుల్లో చిక్కుకున్నారు. వాళ్లకు అది కొండలెక్కేవాడి చేతికర్రవంటి వస్తువు. ఇక్కడి చట్టానికి అది లైసెన్సు లేని వైర్‌లెస్ యంత్రం. కాబట్టి అమెరికానుంచి సెలవులకు వచ్చేవారు ట్రెక్కింగ్ సంచిని అలాగే సర్దుకురాకుండా, అరలన్నీ తడిమి, ఈ డబ్బీని ఇంట్లో పెట్టి మరీ విమానమెక్కాలి.

మరి ఆ మేనల్లుడి గతేమిటి? ఒంటరిగా పోకూడదు. అటవీశాఖ అనుమతితో నడిచే అనుభవజ్ఞుల జట్టుతో వెళ్లాలి. మొదటి చెక్‌పోస్టులో పేరు రాయించుకోవాలి. ఇంట్లో కాగితం పెట్టాలి. జట్టు నాయకుణ్ణి, "ఆపద వస్తే కబురు ఎలా పంపుతారు? జవాబు ఎలా వస్తుంది?" అని డబ్బు కట్టకముందే అడగాలి. నీళ్లు నమిలితే వేరే జట్టు చూసుకోవాలి.

చివరగా కొనేవారికి ఒక మాట. పరికరానికి సుమారు రెండువందల నుంచి నాలుగువందల డాలర్ల దాకా అవుతుంది. నెలచందా వేరు. దారితప్పే అవకాశం లేని చోట్ల, ఒక్క పూట నడిచేవారికి ఫోను చాలు. ఒంటరిగా, ఏడాదికి ఒకటి రెండుసార్లు దూరం పోయేవారికి చందా లేని బీకన్ మేలు. చలికాలంలో నలుగురితో కలిసి లోపలికి పోయేవారు, ఇంటి దగ్గర ఎదురుచూసేవారున్నవారు, ద్విముఖమైనదే కొనాలి. కొన్నాక చందా కట్టడం మరిచిపోకండి. చందా లేని కమ్యూనికేటర్ నూనె లేని దీపం. బయల్దేరేముందు మీ పెరట్లో నిలబడి ఒక మామూలు సందేశం పంపి, జవాబు తెప్పించుకోండి. జట్టులో అందరికీ ఆ మీట ఎక్కడున్నదో, మూత ఎలా తియ్యాలో చూపించండి. కాలు విరిగేది ఆ యంత్రం తెలిసినవాడికే కావచ్చు గదా!